చెప్పేటోడు లేని రీలు

బెల్లంపల్లికి అవతల కొత్తగా వెలసిన బొగ్గుబాయి క్యాంపులో కూలీల ఇళ్ల లైన్లు ఉన్నాయి, కల్లు దుకాణం ఉంది, వారానికో అంగడి ఉంది. సినిమా హాలు ఒక్కటే లేదు. అందుకని ఏటా చలికాలం రాగానే డేరా టాకీసు వచ్చి, అంగడి మైదానంలో గుంజలు పాతుకుని, రెండు నెలలు జనాన్ని నవ్వించి, ఏడిపించి, వాళ్ల జేబులు దులుపుకుని వెళ్లిపోయేది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి నాలుగైదేళ్లయిన రోజుల మాట ఇది.

ఆ డేరా పద్ధతులు ముందే చెప్పాలి. లోపల తెర దగ్గర్నుంచి వెనకదాకా ఒక నల్లగుడ్డ పరద. ఇటు ఆడవాళ్లు, అటు మగవాళ్లు. ఆలుమగలు కలిసి వచ్చి, గుమ్మంలో విడిపోయి, ఆట అయ్యాక మళ్లీ కలుసుకునేవాళ్లు. ఆ పరదకు జల్లెడకున్నన్ని బొక్కలు. చేసింది ఆడవాళ్లేనని మగవాళ్లు, మగవాళ్లేనని ఆడవాళ్లు అనేవాళ్లు. రెండూ నిజమే అయ్యుంటాయి. ఇక సినిమా ఆడించే మిషను ఒక్కటే కాబట్టి, ఒక రీలు అయిపోగానే ఆట ఆగి గుంజకున్న బల్బు వెలిగేది. ఆపరేటరు ఇంకో రీలు ఎక్కించేదాకా జనం బీడీలు ముట్టించుకునేవాళ్లు, పిల్లలకు పాలిచ్చుకునేవాళ్లు. మగడు కూచున్న చోటే ఉన్నాడో, కల్లు దుకాణానికి జారుకున్నాడో ఆడవాళ్లు బొక్కలోంచి చూసుకునేవాళ్లు.

అన్నిటికంటే ముఖ్యుడు చెప్పేటాయన. మనకు రాని భాషలో బొమ్మ వచ్చిందంటే, మగవాళ్ల వైపు తెర పక్కన ఒక స్టూలు వేసుకుని, ఒక మనిషి కథంతా మన మాటల్లో చెప్పాలి. పరద అడ్డం కాబట్టి ఆడవాళ్లకు అతను కనిపించడు, గొంతు మాత్రం వినిపిస్తుంది. ఈ డేరాకు ఆ పని సిద్దిరాములుది. జగిత్యాల వైపు మనిషి. నోరు పెద్దది, ఇంగ్లీషు ముక్క రాదు. రాకపోతే ఏం మునిగింది? బొమ్మ చూస్తూ తోచింది చెప్పేవాడు. దొరలకూ దొరసానులకూ మన పేర్లు పెట్టేవాడు. "అగో, మన బాలవ్వ సూడుండ్రి, పొయ్యి ముట్టియ్యకుంట పెట్టె ముంగట కూసొని పాట పాడుతుంది" అనేవాడు. జనం పొట్టలు పట్టుకునేవాళ్లు. బొమ్మ కోసం కాక సిద్దిరాములు కోసం వచ్చేవాళ్లే సగం మంది.

ఆ చలికాలం వచ్చింది ఒక ఇంగ్లీషు ఖూనీ బొమ్మ. గుండెజబ్బు మనుషులూ కడుపుతో ఉన్నవాళ్లూ రావద్దని కాగితాలు పంచారు. దాంతో క్యాంపంతా కదిలింది. కడుపుతో ఉన్నవాళ్లు కూడా ఇద్దరు టికెట్లు కొన్నారు. కథ ఏంటంటే, ఒక పట్నంలో ఎవడో ఒక్కొక్క ఆడమనిషి వెంటబడి, ఆమె మెడలో గుడ్డతోనే గొంతు బిగించి చంపుతుంటాడు. వాడి చేతులు కనిపిస్తాయి, బూట్లు కనిపిస్తాయి, వీపు కనిపిస్తుంది. మొఖం మాత్రం ఆఖరి రీలు దాకా చూపించరు.

డేరా ముందు గంప పెట్టుకుని ఉడకబెట్టిన గింజల గుడాలు అమ్మే మల్లక్క ఈ సంగతి సిద్దిరాములు నోటే విన్నది. విన్నప్పటి నుంచి ఆమెకు అన్నం సయించలేదు.

మల్లక్క అక్క సారక్క. రెండేళ్ల కింద, బతుకమ్మ పండుగ ముందర, మూసేసిన పాత బాయి వెనక కుప్పల్లో బొగ్గు ఏరుకోవడానికి పోయి రాత్రికి ఇల్లు చేరలేదు. తెల్లారి దొరికింది. సొంత కొంగే మెడకు బిగించి ఉంది. సారక్క మొగుడు రాజలింగు తాగుబోతు. ముందటి రోజే ఆలుమగలు వాడకట్టంతా వినేట్టు కొట్లాడుకున్నారు. ఆ మాట పోలీసులకు చెప్పింది మల్లక్క మొగుడు మొగిలి. చెప్పలేక చెప్పలేక, కళ్లు తుడుచుకుంటూ చెప్పాడు. పోలీసులు రాజలింగును తీసుకుపోయి కొన్నాళ్లు ఉంచి, సాక్ష్యం లేదని విడిచిపెట్టారు. క్యాంపు మాత్రం విడిచిపెట్టలేదు. అతను నల్లా దగ్గరికి వస్తే ఆడవాళ్లు బిందెలెత్తుకుని పక్కకు జరిగేవాళ్లు.

మల్లక్క కూడా అతన్నే అనుకుంది. కానీ అనుకోవడం వేరు, తెలియడం వేరు. ఆమె కడుపులో ఇంకెవ్వరికీ తెలియని ఒక సంగతి ఉంది.

పీనుగకు స్నానం చేయించింది ఆమే. తులసి నీళ్లు పోద్దామని అక్క నోరు తెరిస్తే నాలుక కింద వెండి మట్టె ఉంది. సారక్క కాలి మట్టే. చూస్తే రెండు కాళ్లూ బోసిగా ఉన్నాయి. రెండో మట్టె ఎంత వెతికినా దొరకలేదు. మల్లక్క అరవబోతే వాళ్లవ్వ చేత్తో నోరు మూసింది. "ఊకో బిడ్డా. మందు మంత్రమంటరు. నలుగురు పాడె ముట్టరు" అంది. అవ్వ ఆ మరుసటేడు పోయింది. ఇక ఈ లోకంలో మట్టె సంగతి తెలిసింది మల్లక్కకూ, ఆ మట్టె పెట్టినవాడికీ.

అందుకే ఆ రోజు పొద్దున సిద్దిరాములుకు దోసెడు గుడాలు ఎక్కువ పోసి అడిగింది.

"అన్నా, రెండోసారి సంపుతరంటివి కద, గా పిల్లకు సారక్క అని పేరు పెట్టవా?"

"ఎవలు గా సారక్క?"

"మా వాడకట్టోళ్లే. బొగ్గు ఏరవోయిందని చెప్పు."

"నాదేం పాయె! పోయిన నెల మంచిర్యాలల గా పిల్లకు లచ్చవ్వ అని పెట్టిన" అని సిద్దిరాములు గుడాలు నోట్లో వేసుకున్నాడు. బయటి ఊరివాడు. ఏమీ తెలియదు.

ఆ పేరు విని రాజలింగు మొఖం ఎట్లా మారుతుందో చూడాలన్న ఈ ఉపాయం మల్లక్క ఒక్క మొగిలికే చెప్పింది. మొగుడికి చెప్పకపోతే ఎవరికి చెప్పుకుంటుంది? అందులోనూ మొగిలి లాంటి మొగుడు ఆ లైన్లలో ఇంకొకడు లేడు. నోట్లో నాలుక లేని మనిషి. కల్లు ముట్టడు, పెళ్లాం మీద చెయ్యెత్తడు. చీకటి పడ్డాక ఎక్కడికి పోయినా కందీలు లాంతరు పట్టుకుని తను ముందు నడుస్తాడు. ఆ కందీలు పాతది. ఊగినప్పుడల్లా గాసునూనె బుడ్డి లోపల టింగుమని చప్పుడయ్యేది. ఏదో మర ఊడి పడిందనేవాడు. చీకట్లో ఆ చప్పుడు వెంబడి నడవడం మల్లక్కకు అలవాటు.

షిఫ్టు దిగి వచ్చి ఒంటి మీది బొగ్గు కడుక్కుంటూ మొగిలి అంతా విన్నాడు. చెంబు కాసేపు చేతిలోనే ఉండిపోయింది.

"మంచిగనే ఉంది ఉపాయం" అన్నాడు చివరికి. "రాజలింగన్నను నేనే తోల్కస్త. నా పక్కనే కూసోబెట్టుకుంట. నువ్వు బొక్కలకెళ్లి సూడు."

మల్లక్కకు మొగుడి మీద ప్రేమ పొంగింది. నా కోసం ఎంత తిప్పలు పడుతున్నాడు అనుకుంది.

పొద్దు గూకగానే మొదటి ఆట. లోపల గడ్డి పరిచారు. చలికి జనం కంబళ్లు కప్పుకుని ఒకరినొకరు ఆనుకుని కూచున్నారు. బీడీ పొగ, కొబ్బరినూనె, పసిపిల్లల ఉచ్చ, బయట బాయి నుంచి వచ్చే బొగ్గు వాసన అన్నీ కలిసిపోయి ఉన్నాయి. డైనమో దడదడ కొట్టుకుంటోంది. మల్లక్క పరద అంచునే, మంచి బొక్క చూసుకుని కూచుంది. పక్కన ముసలి పోశవ్వ. ఆమెకు బొమ్మల్లో దుర్మార్గుణ్ని తిట్టకపోతే టికెట్టు పైసలు దండగైనట్టుంటుంది.

దీపం ఆరింది. తెర మీద మంచు, రాళ్లు పరిచిన బాట, స్తంభాల మీద దీపాలు. సిద్దిరాములు గొంతు లేచింది.

"ఇది లండన్ అనుకోండ్రి. మన క్యాంపు లెక్కనే ఉంటది, బొగ్గు పొగ. అగో, బాలవ్వ కొలువు దిగి ఇంటికి పోతుంది. ఎనుక ఎవడో వస్తుండు... సూసిన్రా బూట్లు? మొన్ననే కొన్నడు."

నవ్వులు. తెర మీద బూట్లు ఆగాయి. బాలవ్వ ఆగింది. బూట్లు నడిచాయి. నవ్వులు తగ్గాయి. మగవాళ్ల వైపు నుంచి ఎవరో ఉండబట్టలేక అరిచారు.

"ఓ బాలవ్వా! ఎనుకకు సూడే!"

బాలవ్వ వెనక్కి చూడలేదు. తోలు చేతిజోళ్లు తొడిగిన రెండు చేతులు తెర నిండా వచ్చి ఆమె మెడలో గుడ్డను పట్టుకున్నాయి. ఆడవాళ్ల వైపు ఒక్కసారిగా కేక. మొఖాలకు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. పెట్టుకుని, సందుల్లోంచి చూశారు. ఒక పిల్లకు వెక్కిళ్లు పట్టాయి. పోశవ్వ లేచి నిలబడింది.

"నీ చేతులు ఇరగ! నీ పాడె గట్ట! ఆడిది దొరికిందారా నీకు!"

బాలవ్వ పడిపోయింది. దీపం వెలిగింది. అందరూ ఒకరినొకరు చూసుకుని సిగ్గుగా నవ్వారు. భయపడ్డది నువ్వంటే నువ్వని మగవాళ్లు తొడలు చరుచుకున్నారు. మల్లక్క బొక్కకు కన్ను ఆనించింది. రాజలింగు మోకాళ్ల మీద గడ్డం పెట్టుకుని నేలచూపులు చూస్తున్నాడు. పక్కన మొగిలి గుడాలు ఒక్కొక్కటే ఒలిచి తింటున్నాడు. ఇద్దరి మధ్యా కందీలు.

మళ్లీ చీకటి. తెర మీద గొడుగు పట్టుకున్న ఒక పడుచు, చెట్ల నడుమ నడుస్తోంది.

"గీ పిల్ల పేరు" అని సిద్దిరాములు కాసేపు ఊరించాడు, "సారక్క!"

నవ్వు రాలేదు. అతను అర్థం చేసుకోలేదు. గొంతు ఇంకా పెంచాడు.

"సారక్క బొగ్గు ఏరవోతుంది! మొగనితోని కొట్లాడి వచ్చిందేమో, బుంగమూతి సూడుండ్రి!"

ఆడవాళ్లలో ఎవరో "అయ్యో, పాపం" అన్నారు. ఎవరో చప్పున బుగ్గ మీద చెయ్యి వేసుకున్నారు. తెర మీద చేతులు వచ్చాయి. గొడుగు దొర్లిపోయింది. ఈసారి ఎవ్వరూ అరవలేదు. డైనమో ఒక్కటే కొట్టుకుంటోంది. అప్పుడు మగవాళ్ల వైపు నుంచి కేక.

"ఇడువుండ్రి! దాన్ని ఇడువుండ్రిరా!"

రాజలింగు. జనాన్ని తొక్కుకుంటూ, గుంజకు కొట్టుకుంటూ, ఏడ్చుకుంటూ బయటికి పరుగెత్తాడు. దీపం వెలిగింది. డేరా అంతా తేనెతుట్టె మీద రాయి పడ్డట్టు లేచింది. "దొరికిండు దొంగ! ఎన్నడున్నా నిజం దాగుతదా!" అని అటూ ఇటూ ఒకటే మాట.

"సూసినవా బిడ్డా, నీ అక్కను మింగినోడు ఎట్ల బయటవడ్డడో" అని పోశవ్వ మల్లక్క భుజం పట్టుకుని ఊపింది.

అనుకున్నది అయింది. కానీ మల్లక్కకు సంతోషం రాలేదు. తేలు కుట్టిన దొంగ అరవడు కదా అన్న మాట ఎక్కడి నుంచో వచ్చి మనసులో కూచుంది. కుట్టినా కిక్కురుమనకుండా ఉండేవాడే దొంగ. అరిచినవాడు, ఏడ్చినవాడు, దాన్ని విడువుండ్రి అన్నవాడు దొంగ ఎట్లా అవుతాడు?

బొక్కలోంచి మళ్లీ చూసింది. మొగిలి కదల్లేదు. గుడాలు ఒలుస్తున్నాడు.

దీపం ఆరింది. రీలు మొదలైంది. కాసేపు చెప్పేటాయన గొంతు లేదు. తెర మీద ఆ చేతిజోళ్ల మనిషి చచ్చినదాని పక్కనే వంగి ఉన్నాడు. వీపు మాత్రం కనిపిస్తోంది. తర్వాత, పరద అవతలి నుంచే కావచ్చు, గొంతు మొదలైంది. మెల్లగా ఉంది. బొంగురుగా ఉంది. సిద్దిరాములుకు చలి పట్టిందేమో అనుకుంది మల్లక్క.

"కొంగు బిగిచ్చినంక ఆయిన ఉరకలే... పక్కన కూసున్నడు... కాళ్లు సక్కగ జాపిండు..."

మల్లక్క చెవులు నిక్కబొడుచుకుంది. తెర మీద కాళ్లే లేవు.

"రెండు మట్టెలు తీసిండు... ఒకటి నోట్లె పెట్టిండు. నాలుక కింద..."

మట్టె సంగతి మల్లక్క సిద్దిరాములుకు చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు.

"ఇంకోటి కందీలు బుడ్డిల ఏసుకున్నడు. నడుస్తుంటే సప్పుడు ఇననీకె..."

చుట్టూ చూసింది. ఒక తల్లి పిల్లను జోకొడుతోంది. ఇద్దరు అమ్మలక్కలు గుసగుసలాడుతున్నారు. ఎవరి మొఖంలోనూ ఏమీ లేదు. అంత మాట వింటే ఎట్లా ఊరుకుంటారు వీళ్లు? తెర మీద ఇంకో ఆడమనిషి వచ్చింది, అద్దం ముందు తల దువ్వుకుంటోంది.

"గీమె ఐలవ్వ..."

ఐలవ్వ! పోయినేడు లారీ డ్రైవరుతో లేచిపోయిందని క్యాంపంతా నవ్వుకున్న ఐలవ్వ.

"లారీ లేదు. డ్రైవర్ లేడు. పాత బాయి నీళ్లల్ల ఉన్నది. అడుగుల... సలి పెడుతుంది..."

మల్లక్క పోశవ్వ చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఇంటున్నవా పెద్దమ్మా? ఏం చెప్తుండో ఇంటున్నవా?"

"ఏం ఇనుడు బిడ్డా!" పోశవ్వ విసుక్కుంది. "గా సిద్దిరాములు నోరు పడిపోయినట్టుంది. గప్పటిసంది ఒక్క ముక్క చెప్తలేడు. ఈమె ఎవలో, గాడెవడో, నాకొక్క తీరు అర్థమైతలేదు."

మగవాళ్ల వైపు నుంచి ఈలలు. "ఏడ వోయినవ్ రా చెప్పేటోడా! పైసలు వాపస్ ఇయ్యి!" అని ఎవడో. "స్టూలు ఖాళీగ ఉన్నదిరా!" అని ఇంకొకడు.

స్టూలు ఖాళీ.

గొంతు మాత్రం ఆగలేదు. మల్లక్క చెవిలో, అంత దగ్గరగా, తడిగా. ఆ గొంతు సిద్దిరాములుది కాదు. ఆ సాగదీత, మాట మాటకూ ఆగడం... చిన్నప్పుడు ఒక కంబళి కింద పడుకుని కథలు చెప్పిన గొంతు అది.

"ఇంటున్నవా, చెల్లే?"

మల్లక్కకు ఏడుపు వచ్చింది. భయం కంటే ముందు ఏడుపే వచ్చింది. అక్కా అనబోయింది. తెర మీద ఐలవ్వ అనిపించుకున్న ఆమె కూడా పడిపోయింది. దీపం ఒక్కసారి వెలిగి, ఆపరేటరు తొందరగా ఆఖరి రీలు ఎక్కించగానే ఆరిపోయింది. చంపేవాడి మొఖం కనిపించే రీలు. డేరా అంతా మెడలు చాచింది. ఆ డాక్టరే అని ఒకరు, కాదు తోటమాలి అని ఒకరు అప్పటికే పందేలు కాస్తున్నారు.

తెర మీద ఒక ఇల్లు. పెళ్లాం మొగుడికి అన్నం పెడుతోంది. మొగుడి వీపు కనిపిస్తోంది. అతను మెల్లగా చేతిజోళ్లు తొడుక్కుంటున్నాడు. ఆమె చూడలేదు.

"గీమె పేరు..." అంది గొంతు. తర్వాత చాలాసేపు ఏమీ లేదు.

"గీమె పేరు మల్లక్క."

వీపు కదిలింది. తల తిరుగుతోంది. చెవి కనిపించింది, చెంప కనిపించింది... అక్కడే బొమ్మ ఆగిపోయింది. చెంప మీద గోధుమరంగు మచ్చ పుట్టింది. పొంగింది. పగిలింది. మొఖం ఉండాల్సిన చోట తెల్లటి రంధ్రం పెద్దదై తెరంతా తినేసింది. కాలిన వాసన. దీపం వెలిగింది.

మగవాళ్లంతా వెనక మిషను వైపు తిరిగి ఆపరేటరు వంశాన్ని తవ్వుతున్నారు. మల్లక్కకు చూడాలని లేదు. కన్ను దానంతటదే బొక్కకు ఆనుకుంది.

వందమంది వీపులు. అన్ని తలలూ మిషను వైపే. ఒక్కటి కాదు. మొగిలి మిషను వైపు చూడటం లేదు, తెర వైపు చూడటం లేదు. తలంతా తిప్పి, కదలకుండా, సరిగ్గా ఆ బొక్కలోకి చూస్తున్నాడు.

ఆట రద్దయింది. రేపు అదే టికెట్టు మీద రమ్మని మేనేజరు దండం పెట్టాడు. బయట సోడా బండి దగ్గర రాజలింగు మట్టిలో కూచుని ఉన్నాడు. పక్కన సిద్దిరాములు, చేతిలో సోడా. మల్లక్కను చూసి లేచాడు.

"తప్పయింది అక్కా. నాకు ఎర్క లేకపాయె. ఈయిన ఉరికినప్పుడే ఈయిన ఎంబడి బయటికొచ్చిన. మల్ల లోపలికి పోలే. ఇగ నోరు రాలే నాకు."

"బావా..." అంది మల్లక్క. రాజలింగు తలెత్తాడు. రెండేళ్లలో ఆమె అతన్ని బావా అని పిలవడం అదే మొదలు. ఇంకా ఏదో చెప్పబోతుంటే భుజం మీద చెయ్యి పడింది. మెత్తటి చెయ్యి.

"నడువు. సలి పెడుతుంది" అన్నాడు మొగిలి.

చుట్టూ జనం ఉన్నారు. అరవొచ్చు. ఏమని అరవాలి? ఎవ్వరూ వినని గొంతు చెప్పిందని చెప్పాలా? రాజలింగు పరుగును అందరూ చూశారు. ఇక ఈ రాత్రి ఇంకొకడి పేరెత్తితే పిచ్చి పట్టిందంటారు. పోశవ్వ అప్పటికే తన వాళ్లతో అవతలి లైన్ల దారి పట్టింది. మల్లక్క కందీలు వైపు చూసింది. సాక్ష్యమంటూ ఉంటే అదొక్కటే. బుడ్డి మూత తీసి నలుగురి ముందు బోర్లిస్తే చాలు, మరనో మట్టెనో తేలిపోతుంది. దారిలో రైలు గేటుంది. గేటు గుడిసెలో సాంబయ్య ఉంటాడు, రాత్రంతా మేలుకునే ఉంటాడు, మంచి మనిషి. అక్కడిదాకా పోతే చాలు. అక్కడ కేక వేసి, కందీలు గుంజుకుని... అక్కడిదాకా మామూలుగా నడవాలి.

మైదానం దాటారు. మొగిలి ఆగాడు.

"ఇయ్యాల నువ్వు ముందల నడువు" అన్నాడు.

పెళ్లయినప్పటి నుంచీ అనని మాట. మల్లక్క ముందు నడిచింది. కందీలు వెలుగు వెనక నుంచి పడి ఆమె నీడ బాట మీద పొడుగ్గా సాగింది. వెనక చెప్పుల చప్పుడు. దానితో పాటు టింగు... టింగు... ఇన్నేళ్లూ ధైర్యం ఇచ్చిన చప్పుడు. ఇప్పుడు ఒక్కొక్క టింగుకూ మెడ మీద వెంట్రుక లేస్తోంది. కొంగును ముందుకు లాక్కుని, రెండు చేతులతో గుండెకు అదుముకుంది.

దూరంగా గేటు దీపం కనిపించింది.

"మల్లీ" అన్నాడు మొగిలి వెనక నుంచి. గొంతులో కోపం లేదు. అన్నంలో ఉప్పు తక్కువైందని చెప్పే గొంతు. "మట్టె ముచ్చట గా చెప్పేటోనికి నువ్వే చెప్పినవా?"

మల్లక్క నడక ఆపలేదు. అడుగు తడబడింది, నిలదొక్కుకుంది. గేటు దగ్గరవుతోంది. గుడిసె ముందు మంట, మంట దగ్గర కంబళి కప్పుకున్న సాంబయ్య. ఇంకొంచెం. వెనక అడుగులు తొందరయ్యాయి. టింగు టింగు టింగు...

చప్పుడు ఆగింది.

అడుగులు ఆగలేదు. వస్తూనే ఉన్నాయి, ఇంకా దగ్గరగా. వెలుగు ఊగుతూనే ఉంది. కందీలు ఊగుతూనే ఉంది. లోపలి చప్పుడు మాత్రం లేదు.

మల్లక్క సాంబయ్యను పిలుద్దామని నోరు తెరిచింది. పిలుపు రాలేదు. నోటి నిండా గాసునూనె వాసన. నాలుక కింద గుండ్రంగా, మంచులా చల్లగా మట్టె తగిలింది.